మరోదా చెరువుకు ఓపెనింగ్ బ్యాలెన్స్

భిలాయికి బదిలీ ఆర్డరు వచ్చిన రోజు మా ఇంట్లో వినిపించిన మాటలు మూడే: ఫ్యాక్టరీ, పొగ, ఎండ. పక్షుల మాట ఎవరికీ తట్టలేదు. తీరా వచ్చాక తెలిసింది, ఈ ఉక్కు నగరం అంచున మరోదా అనే చోట పెద్ద జలాశయాలు ఉన్నాయని, చలికాలంలో అక్కడికి దూరదేశాల నుంచి బాతులు వస్తాయని.

మొదటి డిసెంబరులో మైత్రీ బాగ్‌కు పిక్నిక్ వెళ్లి తిరిగి వస్తూ చెరువు దగ్గర కాసేపు ఆగాం. మా వీధిలో ఉండే ఒక పెద్దాయన కూడా మాతో వచ్చారు. శ్రీకాకుళం వైపు నుంచి పడుచు వయసులో వచ్చి, ప్లాంటులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. మేము బాబాయిగారు అని పిలుస్తాం. దూరంగా నీళ్ల మీద నల్ల చుక్కల్లా తేలుతున్న పక్షులను చూసి, "ఇవేటి పక్షులమ్మా! మా రోజుల్లో అయితే నీళ్లు కనబడేవి కావు, అన్నీ బాతులే" అన్నారు.

మా పాప ఊరుకోలేదు. "ఎన్ని ఉండేవి తాతగారూ?"

"ఎన్నంటే ఏటి చెప్పనమ్మా? బోలెడు."

"బోలెడు అంటే వందా, వెయ్యా?"

ఆయన నవ్వేసి ఊరుకున్నారు. ఆ ప్రశ్న మాత్రం నాతో ఇంటికి వచ్చింది. మన బ్యాంకు వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు: ఓపెనింగ్ బ్యాలెన్స్ లేని ఖాతాలో పెరిగిందెంతో, తరిగిందెంతో ఎవరూ చెప్పలేరు. ఒకరు "తగ్గాయి" అంటారు, ఇంకొకరు "ఉన్నాయిగా" అంటారు. ఇద్దరి దగ్గరా కాగితం లేదు.

చలికాలంలో పక్షులను చూడటం మంచి కాలక్షేపం. చూసినది లెక్కగా రాసి పెడితే అది ఆ ఊరికి మనం చేసే చిన్న సేవ కూడా అవుతుంది. ఇంటిల్లిపాదీ కలిసి ఆ పని ఎలా చేయవచ్చో మేము నేర్చుకున్నంత వరకు ఈ వ్యాసంలో చెబుతాను.

లెక్క ఇప్పుడే ఎందుకు?

మరోదా సహజమైన సరస్సు కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం భిలాయి ఉక్కు కర్మాగారం కట్టారు. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉక్కు తయారీకి నిప్పు ఎంత అవసరమో నీళ్లూ అంతే అవసరం. తాందులా వంటి దూరపు ఆనకట్టల నుంచి కాలువల ద్వారా వచ్చే నీటిని కర్మాగారం కోసం, టౌన్‌షిప్ కోసం మరోదా జలాశయాల్లో నిలవ ఉంచుతారు. మనుషుల అవసరానికి నిలిపిన ఆ నీటిని పక్షులు తమ విడిదిగా చేసుకున్నాయి. భారత–సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో మొదలైన మైత్రీ బాగ్ ఇక్కడే ఉంది. ఆ స్నేహవనం పక్కనే సైబీరియా దిక్కు నుంచి వచ్చిన బాతులు దిగడం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇప్పుడు ఈ నీటి ముఖం మారబోతోంది. మరోదా-1 జలాశయం మీద 15 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం పెట్టాలని తలపెట్టారు. ఎన్‌టీపీసీ, సెయిల్ సంస్థల ఉమ్మడి కంపెనీ అయిన ఎన్‌ఎస్‌పీసీఎల్ ద్వారా ఈ పని చేపట్టాలన్నది ప్రణాళిక. బొగ్గు మండించకుండా కరెంటు రావడం మంచిదే. పలకల నీడలో నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది. అయితే పలకలు పరిచిన మేర నీరు బాతులకు దిగే చోటుగా మిగలదు. తేలే పలకల అంచుల మీద నీటికాకులు, కొంగలు వాలవచ్చు. వాటికి అది లాభమే కావచ్చు. ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది ఊహించి తేల్చే విషయం కాదు. ముందు లెక్క ఉంటేనే తర్వాతి లెక్కకు అర్థం ఉంటుంది. పలకలు వచ్చాక మొదలుపెట్టిన లెక్క సగం లెక్కే.

ఎవరొస్తారు, ఎందుకొస్తారు?

అక్టోబరు నుంచి మార్చి దాకా మన దేశానికి వచ్చే నీటిపక్షుల్లో చాలా భాగం సైబీరియా, మంగోలియా, కజకిస్తాన్, టిబెట్ ప్రాంతాలవి. అవి వచ్చే దారిని సెంట్రల్ ఏషియన్ ఫ్లైవే అంటారు. దాదాపు 30 దేశాలు ఈ దారిలో ఉన్నాయి. చలికి తాళలేక వస్తాయని మనం అనుకుంటాం. నిజానికి చలి కంటే ఆకలి పెద్ద కారణం. అక్కడ చెరువులు గడ్డకడితే నీటి మొక్కలు, పురుగులు, నత్తలు మంచు కింద చిక్కుకుపోతాయి. తిండి కోసం అవి దక్షిణానికి కదులుతాయి.

వీటిలో పట్టెతల బాతు (బార్‌హెడెడ్ గూస్) కథ పిల్లలకు తప్పక చెప్పండి. తెల్లని తల మీద రెండు నల్లని అడ్డపట్టెలు దాని గుర్తు. మధ్య ఆసియా పీఠభూముల్లో పిల్లలను పెంచి, హిమాలయాలు దాటి వస్తుంది. ఒంటికి పరికరాలు కట్టి గమనించినప్పుడు 7,000 మీటర్లకు పైగా ఎత్తున ఎగిరినట్టు తేలింది. ఆ ఎత్తులో గాలిలో ప్రాణవాయువు మనకు ఇక్కడ దొరికేదానిలో సగం కూడా ఉండదు.

ఇంకో అతిథి మనకు పేరుతో ముందే తెలుసు. నారింజ గోధుమ రంగు ఒళ్లు, లేత రంగు తల, జంటగా తిరిగే పెద్ద బాతు. ఇంగ్లీషులో రడ్డీ షెల్‌డక్, హిందీలో చక్వా. మన కావ్యాల్లో రాత్రిపూట జంట విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకునే చక్రవాకం ఇదే. లడఖ్, టిబెట్, మధ్య ఆసియా దీని పుట్టిళ్లు. చలికాలంలోనే మన మైదానాలకు దిగుతుంది. చదువుకున్న రోజుల్లో చక్రవాకం కవుల కల్పన అనుకునేదాన్ని. బైనాక్యులర్‌లో మొదటిసారి చూసినప్పుడు పాత బంధువు ఎదురైనట్టు అనిపించింది.

ఇక్కడ ఒక అపోహ కూడా తీర్చుకోవాలి. నీటి దగ్గర పెద్ద పక్షి కనబడితే చాలు, సైబీరియా పక్షి అనేస్తాం. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను కూడా అలాగే పిలుస్తారు. అవి సైబీరియావి కావు. మన ఉపఖండంలోనే వానలను, చేపలను బట్టి చోటు మారే పక్షులు. ఒక చిన్న ఆధారం గుర్తుంచుకుంటే చాలు. ఉత్తరాది నుంచి వచ్చే బాతులు ఇక్కడ గుడ్లు పెట్టవు, పిల్లలను పెంచవు. గూడు కట్టి పిల్లలకు మేత పెడుతున్న పక్షి ఇక్కడిదే అని దాదాపుగా చెప్పేయవచ్చు. బాతులన్నీ వలస పక్షులు కూడా కావు. ఈలబాతు, ముక్కు చివర పసుపు రంగు ఉండే స్పాట్‌బిల్ బాతు ఏడాది పొడుగునా మన చెరువుల్లో ఉండేవే.

చెరువును మూడు గదులుగా చూడండి

కొత్తవాళ్లు పక్షి రంగుతో మొదలుపెట్టి తికమక పడతారు. అది ఎక్కడ ఉంది, ఏం చేస్తోంది అన్నదానితో మొదలుపెడితే సగం పని తేలికవుతుంది. ఏ చెరువునైనా మూడు గదుల ఇల్లు అనుకోండి.

మొదటి గది ఒడ్డు బురద. ఇక్కడ ఉల్లంకి పిట్టలు, తోక ఆడించే వాగ్‌టెయిల్స్, సన్నని గులాబీ కాళ్ల స్టిల్ట్‌లు, తీతువులు తిరుగుతుంటాయి. తీతువు కూస్తే కీడని మన పెద్దలు భయపడేవారు. నేల మీద గుడ్లు పెట్టే పక్షి అది. మనిషో కుక్కో దగ్గరకు వస్తే గట్టిగా అరిచి దూరంగా మళ్లించాలని చూస్తుంది. అది పిలిచే కీడు ఏదీ లేదు, దాని బెంగంతా దాని పిల్లల గురించే.

రెండో గది మోకాలి లోతు నీరు. సూదితోక బాతు (పిన్‌టెయిల్), తెడ్డులాంటి ముక్కున్న షవలర్, గాడ్‌వాల్, చిన్న టీల్ బాతులు ఇక్కడ మేస్తాయి. ఇవి మునగవు. తల నీళ్లలో ముంచి, తోక పైకెత్తి తలకిందులుగా నిలబడి తింటాయి. ఎగిరేటప్పుడు నీటి మీద నుంచి నిటారుగా లేస్తాయి.

మూడో గది నడి చెరువు, లోతైన నీరు. పోచార్డ్ జాతి బాతులు, పిలక ఉన్న టఫ్టెడ్ బాతు ఇక్కడ ఉంటాయి. ఇవి పూర్తిగా మునిగి అడుగున మేసి, కాసేపటికి ఇంకోచోట తేలుతాయి. నారింజ రంగు తల, ఎర్రని ముక్కు ఉన్న పోచార్డ్‌ను తెలుగులో ఎర్రతల చిలువ అంటారు. ఇవి ఎగరాలంటే విమానంలా నీటి మీద కొంతదూరం పరుగెత్తాలి. ఆ పరుగుకు అడ్డులేని నీరు కావాలి.

ఈ మూడు గదుల సంగతి తెలిస్తే సౌర పలకల ప్రశ్న కూడా తేటపడుతుంది. పలకలు నడి నీటిలో వస్తే ముందుగా తెలియాల్సింది మూడో గదివాళ్ల లెక్క. మొత్తం పక్షులు ఇన్ని అని ఒకే అంకె రాస్తే ఆ సంగతి బయటపడదు. నడి నీటి బాతులు సగానికి తగ్గినా, ఒడ్డున కొంగలు పెరిగితే మొత్తం అంకె అలాగే ఉండిపోతుంది. అందుకే మా నోటు పుస్తకంలో మూడు గదులకు మూడు పద్దులు పెట్టాం.

మేము చేసిన పొరపాట్లు

మొదటి ఆదివారం మేము గర్వంగా "బాతులు" అని రాసుకున్న వాటిలో చాలా భాగం బాతులు కావని రెండో వారం తెలిసింది. అవి బొల్లికోళ్లు. ఒళ్లంతా నలుపు, ముక్కు, నుదురు తెల్లగా ఉంటాయి. ఈదేటప్పుడు తల ముందుకూ వెనక్కూ ఊపుతాయి. కాలి వేళ్లకు ఆకుల్లాంటి రెక్కలుంటాయి గానీ బాతుకున్నట్టు వేళ్లను కలిపే పొర ఉండదు. ఆ పేజీ చించేయలేదు. పద్దు కొట్టేసి పక్కన సరిచేసి, తేదీ వేశాం. తప్పు కనబడేలా సరిదిద్దితేనే ఆ పుస్తకం మీద నమ్మకం ఉంటుంది.

రెండో పొరపాటు రంగును నమ్మడం. అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చే మగ బాతులు చాలావరకు ఆడవాటిలాగే మట్టి రంగులో ఉంటాయి. ఈకలు మార్చుకుని డిసెంబరు, జనవరికి మెరుపు రంగులకు వస్తాయి. అందుకని ముక్కు ఆకారం, మెడ పొడవు, తోక, ఎగిరేటప్పుడు రెక్క మీద కనబడే పట్టె చూడటం అలవాటు చేసుకోవాలి. ఏ పక్షో తేలకపోతే "గుర్తుపట్టని బాతు" అని రాయడం ఉత్తమం. ఊహించి పేరు రాయడం కంటే అది నిజాయితీ గల పద్దు.

లెక్కపెట్టే పద్ధతి

మందను చూసి బెదరకండి. నోట్ల కట్టలు లెక్కపెట్టిన చేతులు మనవి. ముందు పది పక్షులను ఒకటొకటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టాయో కంటితో కొలుచుకోండి. ఆ కొలతతో మందను ఎడమ నుంచి కుడికి పది పదులుగా దాటుకుంటూ వెళ్లండి. పెద్ద మంద అయితే యాభై కొలతగా తీసుకోండి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి తర్వాత పోల్చుకోవాలి. ఒకరికి 120, ఇంకొకరికి 200 వస్తే మధ్యలో సర్దుకోకూడదు, మళ్లీ లెక్కపెట్టాలి. మా ఇంట్లో పిల్లల లెక్క పెద్దల లెక్క కంటే సరిగ్గా రావడం తరచూ జరిగే సంగతే.

మిగతా నియమాలు ఇవి. ప్రతిసారీ ఒకే చోట నిలబడాలి. ఒకే వేళకు వెళ్లాలి. తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, మబ్బు, మంచు, గాలి రాయాలి. తొలి మంద ఎగిరి ఇంకోవైపు వాలితే రెండోసారి లెక్కలోకి తీసుకోకూడదు. అన్నింటికంటే ముఖ్యం, పక్షి కనబడని రోజు కూడా సున్నా అని రాయాలి. బాగున్న రోజులే రాసిన పుస్తకం ఎప్పుడూ లాభాలే చూపిస్తుంది. దాన్ని ఏ ఆడిటరూ ఒప్పుకోడు.

ఏమేం కావాలి?

ఒక బైనాక్యులర్, ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిల్. బైనాక్యులర్ మీద 8x42 అని ఉంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని అర్థం. రెట్లు పెరిగినకొద్దీ చేతి వణుకు కూడా పెద్దదవుతుంది, కనబడే మేర తగ్గుతుంది. అందుకని ఇంట్లోవాళ్లందరూ వాడుకోవడానికి ఎనిమిది రెట్లదే హాయి. మంచులో తడిసిన కాగితం మీద పెన్ను సిరా పాకుతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఇక్కడ చలి 10 డిగ్రీల దాకా దిగుతుంది. దక్షిణాది నుంచి కొత్తగా వచ్చినవాళ్లు స్వెటరు, మఫ్లరు, ఫ్లాస్కులో టీ మరిచిపోవద్దు. మట్టి, ఆకుపచ్చ రంగు బట్టలు మంచివి. ఉదయం వెళితే ఎండ వీపున పడేలా, చెరువుకు తూర్పు వైపు నిలబడండి. ఎండకు ఎదురుగా నిలబడితే ప్రతి పక్షీ నల్లగానే కనబడుతుంది.

చెరువు దగ్గర మర్యాద

జలాశయం కర్మాగారం నీటి సరఫరాకు సంబంధించినది. అనుమతి ఉన్న దారి వరకే వెళ్లాలి, కంచె దాటకూడదు, నీళ్లలోకి దిగకూడదు. పిల్లల చేయి వదలకూడదు. ఫొటో కోసం మందను లేపకూడదు. లేచిన ప్రతిసారీ తిరుగు ప్రయాణానికి దాచుకుంటున్న కొవ్వు కొంత ఖర్చవుతుంది. మార్చిలో మళ్లీ వేల కిలోమీటర్లు ఎగరాల్సిన ఒళ్లది. బ్రెడ్డు ముక్కలు, మరమరాలు వేయకూడదు. ఫోనులో పక్షి కూత వినిపించి పిలవకూడదు. పిక్నిక్ ప్లాస్టిక్ మనతోనే ఇంటికి రావాలి.

మీతో వచ్చిన పెద్దవాళ్లు నడవలేకపోతే మైత్రీ బాగ్ చెట్ల కింద కూర్చోబెట్టండి. ఆ చెట్లలోనూ చలికాలపు అతిథులు ఉంటాయి. తోకను టక్కున పైకెత్తి దించే చిన్న టైగా ఫ్లైక్యాచర్ అలాంటిదే. అది కూడా ఉత్తర ఆసియా నుంచి వచ్చినదే. అరచేతిలో పట్టే ఆ పిట్ట ఎంత దూరం వచ్చిందో చెబితే పిల్లలు నోరు తెరుస్తారు.

ఈ లెక్క ఎక్కడికి వెళ్తుంది?

నోటు పుస్తకం ఇంట్లోనే ఉంటే అది జ్ఞాపకం. పదిమందికీ అందితే ఆధారం. ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో మన లెక్కను తేదీ, స్థలం, సమయంతో సహా నమోదు చేయవచ్చు. వింతగా కనిపించే పద్దులను అనుభవజ్ఞులు పరిశీలించి ఫొటోనో, వివరమో అడుగుతారు. మన మేకర్, చెకర్ పద్ధతి లాంటిదే. 1987 నుంచి ప్రతి జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ పేరుతో నీటిపక్షుల లెక్క జరుగుతోంది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది. అందులో పదిహేను నిమిషాలు మీ క్వార్టర్స్ డాబా మీద నిలబడి లెక్కపెట్టినా చాలు.

మనలాంటి మామూలు మనుషుల లెక్కకు విలువ ఉంటుందా అని మీకు అనిపించవచ్చు. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదికలో 942 జాతులను పరిశీలించారు. దానికి ఆధారం దాదాపు 30 వేల మంది పక్షి ప్రేమికులు పంపిన మూడు కోట్ల నమోదులు. వాళ్లలో టీచర్లు, విద్యార్థులు, గృహిణులు, ఉద్యోగులు ఉన్నారు. 178 జాతుల మీద ఎక్కువ శ్రద్ధ అవసరమని ఆ నివేదిక చెప్పగలిగిందంటే ఆ పద్దుల వల్లే.

మనకు మూడు నాలుగేళ్లకు ఒకసారి బదిలీ తప్పదు. ఏ ఊళ్లో ఉన్నా అక్కడ ఒక చెరువు ఉంటుంది. కొల్లేరు, పులికాట్ అంత పేరున్నది కానక్కర్లేదు. మనం వెళ్లిపోయినా మన తర్వాత వచ్చినవాళ్లకు ఆ లెక్క ఉపయోగపడుతుంది. చార్జ్ అప్పగించేటప్పుడు పుస్తకాలు సరిగా ఉండాలని కోరుకుంటాం కదా, ఇదీ అలాంటిదే.

ఈ జనవరిలో బాబాయిగారు మళ్లీ మాతో వచ్చారు. కళ్లజోడు తీసి బైనాక్యులర్‌తో కాసేపు కుస్తీ పట్టి, చివరికి నడి నీటిలో ఎర్రతల చిలువలను పట్టుకున్నారు. పాప పక్కన నిలబడి పదులు లెక్కపెట్టింది. తర్వాత ఆయన చెప్పిన పాత సంగతిని పుస్తకం మొదటి పేజీలో రాసింది. ఏ ఏళ్లలో చూశారో, ఏ గట్టు నుంచి చూశారో, ఏ నెలల్లో వచ్చేవో అడిగి మరీ రాసింది. పక్కన "విన్న మాట, లెక్క కాదు" అని గీత గీసింది. దాని కింద ఆ రోజు తేదీ వేసి, మూడు గదులకు మూడు అంకెలు రాసింది.

బాబాయిగారు ఆ పేజీ తీసుకుని చదువుకుని, "వచ్చే ఏడు కూడా నన్ను తీసుకెళ్లాలమ్మా" అన్నారు. అలాగే అని మాటిచ్చాం. మా బదిలీ ఈలోగా రాకపోతే మేమే తీసుకెళ్తాం. వస్తే, ఆ నోటు పుస్తకంతో పాటు ఆయన్ని తీసుకెళ్లే బాధ్యత కూడా మా తర్వాత భిలాయికి వచ్చే మన బ్యాంకు కుటుంబానికి అప్పగిస్తాం.